అప్‌డేట్: మలేజ్ ట్రాప్ పురుగుల్లో డీఎన్‌ఏ రాకపోవడానికి కారణం దొరికింది

ఎగిరే పురుగుల్ని పట్టి ఆల్కహాల్ సీసాలో పడేలా చేసే గుడారంలాంటి మలేజ్ ట్రాప్ పెట్టాను. అందులో పడినవాటిని డీఎన్‌ఏ బార్‌కోడింగ్‌కి (చిన్న డీఎన్‌ఏ భాగం చదివి జాతిని గుర్తించే పద్ధతి) పంపితే సగానికి పైగా ఫెయిలయ్యాయి, ఎందుకని ఇక్కడ అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

తప్పు ల్యాబ్‌లో లేదు, నా సీసాలో ఉంది. "ఆల్కహాల్ ఎన్నాళ్లకు మారుస్తున్నారు?" అని ఒకరు అడిగారు కదా, అసలు ప్రశ్న అదే. 95 శాతం ఇథనాల్ పోసి రెండు వారాలు అలాగే వదిలేసేవాణ్ణి. ల్యాబ్‌లో పనిచేసే ఆవిడ సీసాలో మిగిలిన ద్రవాన్ని కొలిస్తే 70 శాతం కూడా లేదు. పురుగుల ఒంట్లోని నీరు అందులోకి దిగుతుంది, పైగా ఇథనాల్ ఆవిరైపోతుంది. పైకి పురుగులు చక్కగానే కనిపిస్తాయి, లోపల డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. బార్‌కోడ్‌కి వాడే సీఓఐ జన్యువు భాగం 658 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) పొడవు. ముక్కల్లో అంత పొడవు దొరకదు. ఎక్కువ దెబ్బతిన్నవి లావుపాటివే, పెంకుపురుగులు, పెద్ద కందిరీగలు.

ఇప్పుడు వారానికోసారి సీసా మార్చి, అదే రోజు పాత ద్రవం వంపేసి, కొత్త ఇథనాల్ పోసి ఫ్రీజర్‌లో పెడుతున్నాను. కొత్త బ్యాచ్‌లో దాదాపు అన్నిటికీ సీక్వెన్స్ (ఆ అక్షరాల వరస) వచ్చింది! చాలా సంతోషంగా ఉంది.

ప్రైమర్లు (ఆ జన్యువు భాగాన్ని పట్టుకుని కాపీ చేయడానికి వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) మార్చినా తేడా రాలేదు. ట్రాప్ దిక్కు మార్చాక పురుగులు ఎక్కువ పడ్డాయి గానీ ఈ సమస్యకి దానితో సంబంధం లేదు.

ఇంకోటి, సీక్వెన్స్ వచ్చినా బోల్డ్ అనే బార్‌కోడ్‌ల డేటాబేస్‌లో జాతి పేరు దొరకనివి కొన్ని ఉన్నాయి. నేను వాటినీ ఫెయిల్ లెక్కలో వేశాను. ఆ జాతి బార్‌కోడ్ అక్కడ ఇంకా చేరకపోయినా పేరు దొరకదట, అంటే అవి ఫెయిల్ కానట్టే. ఆ నమూనాల్ని లేబుల్ వేసి జాగ్రత్తగా దాచాను.