పిల్లల రొంపకి యాంటీబయాటిక్: బుద్ధి చెప్పాల్సింది తల్లులకా, షాపులకా?

చీపురుపల్లి కోడలు:
మొన్న శుక్రవారం మా అంగన్‌వాడీలో సిస్టరమ్మ తల్లులందర్నీ కూర్చోబెట్టి గంటసేపు చెప్పారు. రొంప, మామూలు దగ్గు చాలావరకు వైరస్‌తో వచ్చేవేనట. యాంటీబయాటిక్ చంపేది బాక్టీరియాని, వైరస్ జోలికి పోదట. చీమిడి పచ్చబడినంత మాత్రాన మందు అక్కర్లేదు, రొంప తగ్గాక కూడా దగ్గు రెండు మూడు వారాలు లాగొచ్చు అన్నారు. స్ట్రిప్పు వెనక ఎర్రగీత చూపించారు, డాక్టరు చీటీ ఉంటేనే వాడాలని గుర్తట. అందరం తలలూపాం.

ఆ రాత్రే మా పక్కింటావిడ ఫ్రిజ్ తలుపులోంచి సంక్రాంతికి వాడగా మిగిలిన గులాబీ సిరప్ తీసింది. అడుగున ముద్ద కట్టేసింది. చెంచా కాడతో పొడిచి, కాసిని నీళ్లు పోసి ఊపుతోంది. మీటింగులో నా పక్కన కూర్చున్నది ఆవిడే! ఈ మాత్రందానికి మీటింగులెందుకు? చీటీ లేకుండా షాపువాళ్లు ఇవ్వకపోతే సరిపోదా?

నాగావళి గట్టు:
సరిపోతుంది. తల్లులకి పాఠాలు చెప్పడమంటే తప్పంతా వాళ్ల నెత్తిన రుద్దడమే. కేరళలో 2024 జనవరిలో ఆపరేషన్ అమృత్ అని పేరు పెట్టి షాపుల్లో ఆకస్మిక తనిఖీలు మొదలెట్టారు, చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మేవాళ్లని పట్టుకోడానికి. మన దగ్గర టీ కొట్లో బిస్కెట్ అడిగినట్టు అజిత్రోమైసిన్ అడుగుతాం, ఇచ్చేస్తారు. చట్టం లేకనా?

మందుల కొట్టు బాబు:
గట్టు గారూ, నాది రాజాం దగ్గర చిన్న కొట్టు. చట్టం నాకూ తెలుసు. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లు 2013లో తెచ్చిన హెచ్1 జాబితాలో, అంటే చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితాలో ఉన్నాయి. ఎవరికి అమ్మానో, ఏ డాక్టరు రాశారో రిజిస్టర్లో ఎక్కించి మూడేళ్లు దాచాలి. సరే. రాత్రి తొమ్మిదింటికి ఒకాయన బిడ్డని భుజాన వేసుకొచ్చి "నిన్న ఇచ్చిందే ఇంకో సీసా ఇయ్యి బాబూ" అంటాడు. లేదంటే ఎదుటి కొట్టుకెళ్తాడు, మళ్లీ నా గుమ్మం తొక్కడు. ఇచ్చిన రోజులున్నాయి, దాచుకోను.

అయినా చీటీ ఉన్నంత మాత్రాన మందు అవసరమని ఏటి గ్యారంటీ? నా కొట్టుకొచ్చే రొంప చీటీల్లో యాంటీబయాటిక్ లేనిది చూసి చాన్నాళ్లయింది. డాక్టర్ల మీటింగు ఎవరు పెడతారు?

నరసన్నపేట నాన్న:
మీరందరూ ఒకవైపే మాటాడతన్నారు. మా గుంటడికి పది నెలలప్పుడు ఒకచోట చూపిస్తే "వైరలే, మందేమీ వద్దు, తీసుకుపొండి" అన్నారు. తీసుకొచ్చేశాం. మూడో రోజుకి నిమ్ము. వారం రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. అప్పట్నుంచి పిల్లాడు తుమ్మితే చాలు, మా ఆవిడ యాంటీబయాటిక్ రాయించుకోందే ఆస్పత్రి మెట్లు దిగదు. ఆవిడకి ఏటి చెప్తారు మీ మీటింగులో?

పిల్లల వార్డు సిస్టర్:
నాన్నగారూ, మీ ఆవిడ భయంలో తప్పు లేదు. మందొద్దని చెప్పినవాళ్లు ఎప్పుడు పరిగెత్తుకు రావాలో చెప్పకుండా పంపేశారు. మీటింగుల మీద నా గొడవ కూడా అదే. వైరస్, బాక్టీరియా తేడా చెప్పి లేచిపోతారు. ఇంట్లో అమ్మకి ఆ రెండూ కనపడవు, బిడ్డ డొక్క కనపడుతుంది.

మా వార్డులో నేను చేయించి చూపిస్తాను. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడో, ఏడవకుండా ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి, ఫోన్లో ఒక నిమిషం పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టాలి. నిమిషం పూర్తిగా చూడాలి. పిల్లల ఊపిరి ఒక వరసన నడవదు. రెండు నెలల్లోపు 60, అక్కణ్నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40. లెక్క అక్కడికి చేరినా, ఊపిరి పీల్చినప్పుడు డొక్క లోపలికి గుంటపడుతున్నా, పాలు తాగలేకపోతున్నా, మగతగా పడున్నా రాత్రి, పగలు చూడొద్దు. రెండు నెలల్లోపు బిడ్డకి జ్వరమొస్తే లెక్కలే వద్దు, వచ్చేయడమే. నిమ్ము అనిపిస్తే మేమే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మొదలెడతాం. ఆ రోజుకి ఆ మందు పనిచెయ్యాలిగా! ప్రతి రొంపకీ పోస్తే దానికి చావని బాక్టీరియాలే మిగిలి పెరుగుతాయి.

కోడలమ్మా, ఆ సీసా సంగతి. పొడి సిరప్‌ని కాచి చల్లార్చిన నీళ్లతో గీత వరకే కలపాలి. కలిపాక చాలా రకాలు వారం, మహా అయితే రెండు వారాలు. సంక్రాంతిదంటే, ఓలమ్మో!

మందుల కొట్టు బాబు:
సిస్టరమ్మా, ఆ లెక్క ఒక కాగితం మీద రాసిస్తే జిరాక్సులు తీయించి పెట్టుకుంటాను. మందు లేదన్నాక చేతిలో ఏదో ఒకటి పెట్టాలి, వట్టి చేతులతో ఎవరూ కదలరు.

నాగావళి గట్టు:
పైన కాగితం ఇచ్చి కింద నుంచి సీసా ఇవ్వకండి మరి. తనిఖీలు ఉండాల్సిందే, నా మాట మారదు.

నరసన్నపేట నాన్న:
మా ఆవిడకి చదివి వినిపించాను. "ఈ లెక్క ఆ రోజే చెప్పుంటే" అంది, అంతే.

చీపురుపల్లి కోడలు:
ఇందాక పక్కింటికెళ్లాను. బాబుకి మూడేళ్లు, నిద్రపోతున్నాడు. వాళ్ల అత్తగారు టార్చి పట్టుకుంటే పక్కింటావిడా నేనూ కలిసి లెక్కపెట్టాం. మొదటిసారి నాకు 29, ఆవిడకి 34. మళ్లీ చూస్తే ఇద్దరికీ 31. జ్వరం లేదు, సాయంత్రం దాకా వీధిలో ఆడాడట. ఆవిడే లేచి సీసా కాలవలో పారబోసింది. దగ్గు ఇంకా ఉంది. అత్తగారు మాత్రం నాతో మాట్లాడ్డం లేదు, డబ్బులు పోసి కొన్న మందు పారబోయించానని.