ఊహా సమాజాల ప్రాజెక్టు: పిల్లల యుటోపియాలన్నీ ఒకేలా ఉండకూడదంటే ఏం చేయాలి?

ప్రశ్న (సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయిని)

నేను తొమ్మిదో తరగతికి సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. వచ్చే నెలలో నాలుగు వారాల పాటు సాగే ఒక ప్రాజెక్టు ఇవ్వాలనుకుంటున్నాను. తరగతిని జట్లుగా విడదీసి, సగం జట్ల చేత ఒక యుటోపియాను, అంటే అందరూ సుఖంగా బతికే ఆదర్శ సమాజాన్ని, మిగిలిన జట్ల చేత ఒక డిస్టోపియాను, అంటే మనుషులు ఊపిరాడక నలిగిపోయే సమాజాన్ని తయారు చేయించాలన్నది నా ఆలోచన. పరిపాలన, చదువు, పని, ఆస్తి, కుటుంబం, నేరము, శిక్ష వంటి విషయాలన్నీ పిల్లలే నిర్ణయించుకుని, పటం గీసి, చట్టాలు రాసి, చివరి వారంలో తరగతి ముందు వివరించాలి.

నాకు ఒక భయం ఉంది. ఆదర్శ సమాజం అనగానే పిల్లలు "మా దేశంలో పేదరికం ఉండదు, కాలుష్యం ఉండదు, అందరూ కలిసిమెలిసి ఉంటారు" అని రాసి ఊరుకుంటారు. అదంతా ఎలా సాధ్యమైందో చెప్పే వాక్యం ఒక్కటీ ఉండదు. డిస్టోపియా అనగానే మరమనుషులు, నెత్తురు, ఒక క్రూరుడైన నియంత వచ్చేస్తారు. రెండింటిలోనూ సమాజం మాత్రం కనిపించదు. దీన్ని ఎలా నివారించాలి? అలాగే ఊహకు మార్కులు ఎలా వేయాలి? చార్టు అందంగా వేసిన జట్టుకే ఎక్కువ మార్కులు పడతాయేమోనన్న బెంగ కూడా ఉంది. ఇటువంటి ప్రాజెక్టు చేయించిన వారు సలహా ఇవ్వగలరని కోరుతున్నాను.

సమాధానం (చరిత్ర అధ్యాపకుడు)

టీచర్ గారూ, మీ ప్రణాళికలో నేను ముందుగా మార్చమనేది ఆ సగం-సగం విభజననే. మంచి సమాజం ఒక జట్టుకు, చెడ్డ సమాజం మరో జట్టుకు పంచి ఇచ్చిన మరుక్షణమే పిల్లలకు జవాబు తెలిసిపోతుంది. ఇక వాళ్ళు ఆలోచించవలసింది మిగలదు. ప్రతి జట్టునూ తాము నిజంగా బతకాలనుకునే సమాజాన్నే నిర్మించమనండి. ఆ తర్వాత ఆ సమాజం ఎవరికి డిస్టోపియా అవుతుందో వెతకమనండి. ఎవరికో ఒకరికి తప్పకుండా అవుతుంది, ఆ ఒకరిని కనుక్కోవడమే ఈ ప్రాజెక్టులోని అసలు చదువు అని నా నమ్మకం.

దీనికి సర్ థామస్ మోర్ 1516లో లాటిన్‌లో వెలువరించిన 'యుటోపియా'యే మంచి ఉదాహరణ. ఆ ద్వీపంలో యాభై నాలుగు నగరాలుంటాయి, సొంత ఆస్తి ఉండదు, రోజుకు ఆరు గంటలు పనిచేస్తే చాలు, ఇళ్ళకు తాళాలు ఉండవు, పదేళ్ళకొకసారి చీటీలు వేసి ఇళ్ళు మార్చుకుంటారు. ఇంతవరకు చెప్పి, ఇక్కడ బతకడం మీకు ఇష్టమేనా అని పిల్లలను అడగండి. చాలామంది చేతులెత్తుతారు. తర్వాత మిగిలిన సగం చెప్పండి: అక్కడ ఒక నగరం నుంచి మరో నగరానికి వెళ్ళాలంటే అనుమతి పత్రం కావాలి, పత్రం లేకుండా దొరికినవాణ్ణి పారిపోయినవాడిగా భావించి వెనక్కి తెచ్చి శిక్షిస్తారు, రెండోసారి దొరికితే బానిసను చేస్తారు. అవును, ఆ ఆదర్శ ద్వీపంలో బానిసలున్నారు. బంగారాన్ని జనం అసహ్యించుకునేలా చేయడానికి ఆ బానిసల సంకెళ్ళను బంగారంతోనే చేయిస్తారు. ఈ రెండు భాగాలనూ విడివిడిగా, మధ్యలో కొంత వ్యవధి ఇచ్చి చెబితే, ఒకే సమాజంలో రెండు సమాజాలు ఎలా ఇమిడి ఉంటాయో పిల్లలకు ఏ నిర్వచనమూ లేకుండానే అర్థమవుతుంది.

"పేదరికం ఉండదు" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టుకునే సమస్యకు మందు పరిమితులు. ప్రతి జట్టుకూ కొన్ని కొరతలు ముందే ఇవ్వండి: జనాభా ఇంత, సాగుభూమి ఇంత, నీళ్ళు ఏడాదిలో ఎనిమిది నెలలే దొరుకుతాయి, ఎవరికీ ఇష్టం లేని పనులు ఇవి. మురుగు కాలువలు ఎవరు శుభ్రం చేస్తారు, రాత్రిపూట రోగుల దగ్గర ఎవరు మేల్కొని ఉంటారు, పంట తక్కువైన ఏడు ఎవరి వాటా ముందు తగ్గుతుంది అన్న ప్రశ్నలకు జవాబు రాయకుండా జట్టు ముందుకు సాగకూడదు. సమాజం స్వభావం జెండాలోనూ రాజ్యాంగ పీఠికలోనూ కన్నా ఈ జవాబుల్లోనే ఎక్కువగా బయటపడుతుంది.

ఇంకొక్క మాట నియమాల గురించి. పిల్లలు నియమం రాసేటప్పుడు దానితో పాటే "అతిక్రమించినవారికి శిక్ష" అని రాస్తారు, ఆ శిక్ష ఎవరు వేస్తారో, అతిక్రమణ ఎలా తెలుస్తుందో రాయరు. అక్కడే చాలా యుటోపియాలు తమకు తెలియకుండానే గూఢచారులతో నిండిపోతాయి. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఆస్ట్రమ్, ఉమ్మడి బీళ్ళనూ నీటి వనరులనూ శతాబ్దాల పాటు పాడుచేసుకోకుండా కాపాడుకున్న నిజమైన సమాజాలను పరిశీలించారు. వాటిలో స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ అనే కొండ గ్రామం ఒకటి. ఎవరూ తాము శీతాకాలంలో మేపగలిగిన ఆవుల కంటే ఎక్కువ ఆవులను వేసవిలో ఉమ్మడి బీటికి తోలకూడదని అక్కడివారు 1517లోనే నియమం రాసుకున్నారు. మోర్ గ్రంథం వచ్చిన మరుసటి ఏడాదే ఇది రాయబడిందన్న సంగతి నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. ఆ నియమంలోని నేర్పు చూడండి: ప్రతి కుటుంబం దగ్గరా ఎంత గడ్డి నిల్వ ఉందో ఊరందరికీ తెలుసు కనుక దొంగతనంగా నిఘా పెట్టవలసిన పని తగ్గిపోతుంది. ఇటువంటి నియమం ఒక్కటైనా తయారుచేయమని జట్టుకు చెప్పండి. ఎంత కష్టమో వాళ్ళకే తెలుస్తుంది.

సమాధానం (భాషా ఉపాధ్యాయుడు)

పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తూ, రాత విషయంలో ఒక సూచన చేస్తాను. పిల్లల చేత సమాజాన్ని "వర్ణించమని" అడగవద్దు. ఆ సమాజంలో పుట్టే కాగితాలను రాయించండి. బడిలోని కాలపట్టిక, ఆసుపత్రి గోడమీది ప్రకటన, ఉద్యోగం కోసం పెట్టుకునే దరఖాస్తు నమూనా, ఒక తల్లి కొడుకుకు రాసిన ఉత్తరం, పెళ్ళి ఆహ్వానపత్రిక. దరఖాస్తులో ఏ వివరాలు అడుగుతున్నారో చూస్తే ఆ సమాజం మనిషిలో దేనిని లెక్కపెడుతుందో తెలిసిపోతుంది. నియంత పేరు ఒక్కసారి కూడా ఎత్తకుండా, కేవలం ఒక గ్రంథాలయపు నిబంధనల పట్టికతో చదివేవారికి భయం కలిగించవచ్చు. పద్నాలుగేళ్ళ పిల్లలు ఈ పనిని అద్భుతంగా చేస్తారు, ఎందుకంటే నిబంధనల కింద బతకడం వారికి ప్రతిరోజూ అనుభవమే.

చదివించడానికి ఒక చిన్న రచన కావాలంటే రొకేయా సఖావత్ హుస్సేన్ 1905లో ఇంగ్లీషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' ఇవ్వండి. అందులోని మహిళారాజ్యంలో స్త్రీలు సూర్యరశ్మితో వంట చేస్తారు, మేఘాల నుంచి నీటిని తోడుకుంటారు, పురుషులేమో ఇళ్ళలో, పరదాల చాటున ఉంటారు. పరదా ఆచారాన్ని తలకిందులు చేసి చూపించడమే రచయిత్రి ఉద్దేశం. మీ తరగతిలో అబ్బాయిలు "ఇది అన్యాయం" అంటారు. అప్పుడు అమ్మాయిలు ఏమంటారో వినండి. ఆ చర్చకు ఒక పీరియడ్ చాలదు, రెండు ఉంచుకోండి.

సమాధానం (విద్యా మనస్తత్వశాస్త్రం బోధించేవారు)

పై ఇద్దరూ చెప్పనిది, నేను చాలా ముఖ్యమని భావించేది ఒకటి చెప్పాలి. డిస్టోపియాను కాగితం మీద కల్పించడం వేరు, తరగతిలో దాన్ని బతికించి చూపించడం వేరు. "ఒక వారం పాటు తరగతిని అలాగే నడుపుదాం, పిల్లలకు బాగా అర్థమవుతుంది" అన్న ఆలోచన ఉత్సాహవంతులైన ఉపాధ్యాయులకు సహజంగా వస్తుంది. దయచేసి ఆ పని చేయవద్దు.

1967లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో రాన్ జోన్స్ అనే చరిత్ర ఉపాధ్యాయుడు, నాజీ పాలనను సామాన్య జర్మన్లు ఎలా సహించారో చూపించాలని, తన తరగతిలో ఒక క్రమశిక్షణోద్యమాన్ని ప్రారంభించారు. నినాదాలు, ప్రత్యేకమైన వందనం, సభ్యత్వ కార్డులు వచ్చాయి. కొద్ది రోజుల్లోనే ఇతర తరగతుల పిల్లలు కూడా చేరారు, ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు చేయడం మొదలుపెట్టారు. అయిదో రోజున ఆయనే దానిని ఆపవలసి వచ్చింది. ఆ మరుసటి ఏడాది, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన తర్వాత, అయోవాలో జేన్ ఇలియట్ అనే ఉపాధ్యాయిని మూడో తరగతి పిల్లలను కళ్ళ రంగును బట్టి విడదీసి, వివక్ష అంటే ఏమిటో వారికి అనుభవపూర్వకంగా చూపించారు. ఆ పాఠాన్ని మెచ్చుకున్నవారూ ఉన్నారు, పిల్లల మీద అలాంటి ప్రయోగం తగదన్నవారూ ఉన్నారు. నా అభిప్రాయం రెండో పక్షానిదే. తరగతిలో అప్పటికే ఒంటరిగా ఉన్న పిల్లవాడికి "నువ్వు కింది వర్గం" అన్న పాత్ర ఇస్తే, ప్రాజెక్టు ముగిసిన తర్వాత కూడా మిగిలినవాళ్ళు దాన్ని మరచిపోరు.

అందువల్ల పాత్రలు రాతలోనే ఉండాలి. నిజంగా ఉన్న ఏ మతం, భాష, ప్రాంతం, వర్గం పేరునూ ఊహా సమాజంలో పీడకులకు గాని పీడితులకు గాని పెట్టకూడదన్న నియమం మొదటి రోజునే చెప్పండి. ఎవరైనా తన ఇంటి పరిస్థితినే డిస్టోపియాగా రాసినట్టు మీకు అనిపిస్తే, దానిని తరగతి ముందు చదివించకండి. ఆ పిల్లతో విడిగా, తొందరపడకుండా మాట్లాడండి. అవసరమైతే బడిలో పిల్లల బాగోగులు చూసేవారి సహాయం తీసుకోండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. సగం-సగం విభజనను వదిలేస్తున్నాను. తరగతిని ఒక రోజు "పాలనలో" పెట్టాలని నా ప్రణాళికలో నిజంగానే రాసుకున్నాను, దానిని కూడా తొలగిస్తాను. మిగిలింది మార్కుల ప్రశ్న. అలాగే ఇన్ని పరిమితులు పెడితే పిల్లల ఊహ కుంచించుకుపోదా అన్న సందేహం కూడా ఉంది.

సమాధానం (చరిత్ర అధ్యాపకుడు)

కుంచించుకుపోదు. ఏదైనా సాధ్యమే అన్నచోట పిల్లలు తాము చూసిన సినిమాలనే తిరిగి రాస్తారు. నీళ్ళు ఎనిమిది నెలలే ఉంటాయని చెబితే మిగిలిన నాలుగు నెలల కోసం పండుగలు, సెలవులు, పెళ్ళిళ్ళు, వలసలు అన్నీ కొత్తగా కల్పించుకోవలసి వస్తుంది. అయితే పరిమితులు నాలుగైదుకు మించకుండా చూసుకోండి, వాటిలో ఒకటి జట్టునే ఎంచుకోనివ్వండి.

మార్కుల విషయంలో, ఊహకు మార్కులు వేయడం మానేయమంటాను. పొంతనకు వేయండి. ఆస్తి గురించి మొదటి వారంలో రాసిన చట్టం, మూడో వారంలో రాసిన తల్లి ఉత్తరంలోనూ నిజమవుతోందా? ఎవరికీ సొంత ఇల్లు లేదని చట్టంలో రాసి, ఉత్తరంలో "మన ఇల్లు అమ్మేశాను" అని రాస్తే అక్కడ మార్కు పోవాలి. పటానికి, చార్టుకు కలిపి పది శాతం మించి ఇవ్వకండి. ఇది ముందే ప్రకటిస్తే రంగు పెన్సిళ్ళ మీద పెట్టే సమయం ఆలోచన మీదికి మళ్ళుతుంది.

అన్నింటికన్నా ఎక్కువ మార్కులు సవరణకు ఉంచండి. రెండో వారం చివర ఒక పని చేయించండి. 1971లో జాన్ రాల్స్ అనే తత్వవేత్త, న్యాయమైన సమాజాన్ని నిర్ణయించాలంటే అందులో తాను ధనికుడో పేదవాడో, బలవంతుడో రోగిష్టో తెలియనట్టుగా మనిషి ఆలోచించాలని ప్రతిపాదించారు. దీన్ని తరగతికి తేవడం సులువు. ప్రతి జట్టూ తన సమాజంలోని పది మంది వ్యక్తుల వివరాలను పది చీటీల మీద రాయాలి: ముసలి కాపలాదారు, సమాజపు నమ్మకాలను ఒప్పుకోని యువతి, పని చేయలేని రోగి, బయటి నుంచి వచ్చిన కుటుంబం వంటివారు తప్పనిసరిగా ఉండాలి. మరో జట్టులోని పిల్లలు చీటీలు తీసి, ఆ వ్యక్తి గడిపే ఒక మామూలు రోజును ఒక పేజీలో రాసి తిరిగి ఇస్తారు. ఆ పేజీలు చదివిన తర్వాత సమాజం కట్టిన జట్టు తన చట్టాల్లో ఏది మార్చింది, ఏది మార్చనని నిలబడింది, ఎందుకు అన్నది రాతపూర్వకంగా చెప్పాలి. మార్చకపోయినా మార్కులు రావచ్చు, కారణం చెప్పగలిగితే.

సమాజాలు తమ నియమాలను మార్చుకుంటూ కూడా కూలిపోవచ్చునని చెప్పడానికి న్యూ హార్మనీ కథ పనికొస్తుంది. రాబర్ట్ ఓవెన్ అమెరికాలోని ఇండియానాలో 1825లో ప్రారంభించిన ఆ ఉమ్మడి సమాజానికి ఆశయాలకు గాని, వచ్చి చేరేవారికి గాని కొరత లేదు. నైపుణ్యం గల పనివారు చాలలేదు, పాలన ఎలా ఉండాలన్న తగవు తెగలేదు, రాజ్యాంగం పదే పదే మారింది, 1827 నాటికి ఆ ప్రయత్నం ముగిసిపోయింది. దీన్ని మూడో వారంలో, పిల్లలు తమ సవరణలు రాసుకుంటున్నప్పుడు చెప్పండి. మొదటి వారంలోనే చెబితే ఉత్సాహం చల్లబడుతుంది.

సమాధానం (భాషా ఉపాధ్యాయుడు)

చీటీల పద్ధతికి ఒక చిన్న చేర్పు. ఒక్కో జట్టులో ఒకరికి, ప్రతి నిర్ణయానికీ ఎదురు ప్రశ్న వేసే బాధ్యత అప్పగించండి. వారం వారం ఆ బాధ్యత మరొకరికి మారాలి. మారకపోతే, మొదటి వారంలో ప్రశ్నించిన పిల్లను రెండో వారంలో ఎవరూ వినరు. ఆ ప్రశ్నలను ఒక నోటు పుస్తకంలో రాయించి ప్రాజెక్టుతో పాటే తీసుకోండి, వాటికీ మార్కులు ఉంటాయని ముందే చెప్పండి.