యాన్‌ను దొంగను చేసింది పేదరికమేనా?

పాతపుస్తకం:
ఎడ్వర్డ్ విల్డే 1896లో రాసిన ఎస్తోనియన్ నవల ‘క్యుల్మలే మాలే’ మీద ఒక సందేహం. పేరుకు అర్థం ‘చలి దేశానికి’. అంటే రష్యా చక్రవర్తుల కాలంలో నేరస్థుల్ని తోలేసే సైబీరియాకి. యాన్ అనే నిరుపేద కుర్రాడు, స్వతహాగా నిజాయితీపరుడు, కోహి కారెల్ అనేవాడి మాటల్లో పడి దొంగతనాల్లోకి దిగి, చివరికి సైబీరియా పాలవుతాడు. తప్పంతా పేదరికానిదే అంటారు చాలామంది. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. పస్తులున్న పేదలందరూ దొంగలైపోలేదు కదా!

మెట్టపొలం:
కరువులో అందరూ చావరండీ. అంతమాత్రాన చచ్చినవాళ్ళని కరువు చంపలేదంటామా?

కొంచెం వెనక్కి వెళ్ళి చూడండి. ఉత్తర ఎస్తోనియాలో 1816లో, దక్షిణాన 1819లో రైతులకు బానిసత్వం పోయింది. భూమి మాత్రం, రష్యా ఏలుబడిలోనూ అక్కడ పాతుకుపోయి ఉన్న జర్మన్ దొరల చేతుల్లోనే ఉండిపోయింది. తర్వాత కొన్ని దశాబ్దాలకు డబ్బు కూడబెట్టగలిగినవాళ్ళు పొలాలు కొనుక్కున్నారు. మిగిలినవాళ్ళు యాన్‌లా గుడిసెల్లో కూలి మీద బతికారు. నన్ను కుదిపేసింది ఇదే: ఈ నవలలో పేదవాడి ఎదుట నిలబడింది పరాయి దొర ఒక్కడే కాదు, తన భాషే మాట్లాడే ఆసామి కూడా. జాతి అంతా ఒకటే అని గొప్పగా చెప్పుకుంటున్న రోజుల్లో ఆ మాట రాయడానికి ఎంత ధైర్యం కావాలి!

గోదారిగట్టు:
ధైర్యం సరే. విల్డే 1890 నుంచి రెండేళ్ళు బెర్లిన్‌లో ఉండి సోషలిస్టు ఆలోచనలకు దగ్గరయ్యాడు. తీర్పు ముందే రాసుకుని కథ నడిపాడేమో అని నా అనుమానం.

మెట్టపొలం:
తీర్పు ముందే ఉంటే యాన్ బొమ్మలా ఉండేవాడు. అలా లేడు, తప్పని తెలిసి కుమిలిపోతాడు.

పాతపుస్తకం:
నేను చెప్పేదీ అదేనండీ. కరువులో చచ్చేవాడికి తప్పు చేశానన్న బాధ ఉండదు. యాన్‌కి ఉంది. ‘పరిస్థితులు చేయించాయి’ అని వదిలేస్తే, అతనికి మిగిలిన ఆ ఒక్క నిజాయితీని కూడా మనమే లాక్కున్నట్టు అవుతుంది.

మెట్టపొలం:
లాక్కోవద్దు. అతని తప్పు అతనిదే, ఒప్పుకుంటాను. కానీ అతను నిజాయితీగా ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అని అడగనివాళ్ళ తప్పు ఎవరి లెక్కలో రాద్దాం?