పుల్‌మన్ పోర్టర్లది ఎదుగుదలా, ఊడిగమా?

రాత్రిబండి:
పోయిన వారం అమ్మానాన్నలని చికాగో దక్షిణాన ఉన్న పుల్‌మన్ పేటకి తీసుకెళ్ళాను. ఎర్ర ఇటుకల ఇళ్ళు, గడియారం బురుజు, ఆ దగ్గరే పోర్టర్ల మ్యూజియం. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. జార్జ్ పుల్‌మన్ అనే ఆయన 1867లో కంపెనీ పెట్టి, రైళ్ళకి తగిలించే స్లీపర్ బోగీలు నడిపాడు. మన స్లీపర్ క్లాసు కాదు, పట్టుతెరల వ్యవహారం. బోగీకొక పోర్టర్. అంతర్యుద్ధం ముగిసి అప్పటికి రెండేళ్ళే. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ళనే ఏరి పనిలో పెట్టుకున్నాడు. పక్కలు వేయాలి, పెట్టెలు మోయాలి, కోట్లు దులపాలి, అందరూ పడుకున్నాక బూట్లకి పాలిష్ పెట్టాలి. ఆ పాలిష్ డబ్బా కూడా సొంత డబ్బుతోనే. ప్రయాణికులు ఏ పోర్టర్నయినా "జార్జ్" అనే పిలిచేవారు. అంటే యజమాని పేరు. వెనక బానిసలని పిలిచిన పద్ధతే.

మా నాన్న అంతా చూసి "పాపం, ఊడిగం" అని ఒక్క మాటలో తేల్చేశారు. అక్కడి కథనం మాత్రం నల్లవారి మధ్యతరగతి ఈ ఉద్యోగంలోంచే పుట్టిందంటుంది. మీరేమంటారు?

కొవ్వూరు_కుర్రాడు:
మీ నాన్నగారి మీద గౌరవంతోనే చెబుతున్నా, అది ఊడిగం కాదు. అప్పట్లో దక్షిణాది నల్లవాడికి ఉన్న దారేమిటి? కౌలు పొలం, పత్తి, తీరని అప్పు. దాని పక్కన పెడితే యూనిఫాం, నెల జీతం, దేశమంతా తిరగడం. 1920ల నాటికి పోర్టర్లు పన్నెండు వేల దాకా ఉన్నారు. అంతమంది నల్లవాళ్ళకి పని ఇచ్చిన ప్రైవేటు కంపెనీ ఆ దేశంలో ఇంకోటి లేదు. ఇచ్చినవాడిని తిట్టడం ఇప్పుడు ఫ్యాషన్.

సీతాఫలం:
ఇచ్చింది జీతమా, టిప్పులు అడుక్కునే లైసెన్సా?

లెక్కల_మాస్టారు:
అంకెలు చూద్దాం. 1920ల మధ్యలో జీతం నెలకు 67.50 డాలర్లు. దానికి పని 400 గంటలు, లేదా 11,000 మైళ్ళ ప్రయాణం. భాగించండి, గంటకి 17 సెంట్లు కూడా రాదు. బండి కదలకముందు బోగీ సర్దే గంటలకి లెక్కే లేదు. ఇంకా వెనక్కి, 1915కి వెళితే నెలకు 27.50. ఫోర్డ్ అప్పటికే రోజుకి 5 డాలర్లు ప్రకటించి ఏడాది దాటింది.

కొవ్వూరు_కుర్రాడు:
మాస్టారూ, టిప్పులు కలపకుండా లెక్క వేస్తే ఎలా? హోటల్లో సర్వర్ సంపాదన జీతం ఒక్కటే చూసి చెబుతారా?

లెక్కల_మాస్టారు:
టిప్పు కంపెనీ ఇచ్చేది కాదు కాబట్టి కలపలేదు.

కొవ్వూరు_కుర్రాడు:
జేబులోకి వచ్చిందా లేదా?

లెక్కల_మాస్టారు:
ఎవరి జేబులోంచి వచ్చింది అన్నదే నా ప్రశ్న.

గోంగూర_పచ్చడి:
టిప్ అంటే "టు ఇన్‌ష్యూర్ ప్రాంప్ట్‌నెస్" అట కదా, త్వరగా పని చేసిపెట్టమని ముందే ఇచ్చేదట.

లెక్కల_మాస్టారు:
కాదు. వాట్సాప్ చదువు అది. ఆ మాట పాతకాలపు ఇంగ్లీషు దొంగల భాషలోంచి వచ్చింది, "ఇవ్వు, అందించు" అనే అర్థంతో. పొడి అక్షరాలు తర్వాత అతికించిన కథ.

గోంగూర_పచ్చడి:
మా మేనేజర్ ట్రైనింగులో చెప్పాడండీ.

లెక్కల_మాస్టారు:
మీ మేనేజర్ కూడా వాట్సాప్ చూస్తాడు.

(దీని మీద ఇంకో పదకొండు పోస్టులు నడిచాయి, మాడరేటర్ పక్క చర్చలోకి మార్చాడు.)

సీతాఫలం:
అసలు విషయానికి రండి. 1915లో ప్రభుత్వ కమిషన్ ముందు పుల్‌మన్ కంపెనీ ఛైర్మన్ని నిలబెట్టి, ఇంత తక్కువ జీతాలేమిటని అడిగారు. ఆ ఛైర్మన్ ఎవరో తెలుసా? రాబర్ట్ లింకన్. బానిసలకి విముక్తి ప్రకటించిన ఆ లింకన్ గారి కొడుకు! జీతం తక్కువ, మిగతాది ప్రయాణికుల దయ అనే ఆ పద్ధతే ఇవాళ్టికీ అమెరికా హోటళ్ళలో నడుస్తోంది. 1966లో చట్టంలో పెట్టారు, టిప్పులు వచ్చేవాళ్ళకి యజమాని తక్కువ జీతం ఇవ్వవచ్చని. ఫెడరల్ లెక్కన అది గంటకి 2.13 డాలర్లు, 1991 నుంచి మారలేదు.

ఎమ్మెస్ చేసేటప్పుడు నేనూ మనవాళ్ళదే ఒక రెస్టారెంట్లో వారాంతాల్లో చేశాను. పేరు చెప్పను. బిర్యానీ తిని మనవాళ్ళు పెట్టిన టిప్పు మొత్తం గల్లాపెట్టె దగ్గరే ఆగిపోయేది. అడిగితే, "నీకు రెండు పూటలా భోజనం పెడుతున్నాం కదమ్మా" అన్నారు. ఆ "కదమ్మా" ఇప్పటికీ చెవుల్లో ఉంది.

డాలస్_బాబాయ్:
మీకు వర్క్ పర్మిట్ ఉందా అప్పుడు?

సీతాఫలం:
లేదు బాబాయ్. అందుకే నోరు మూసుకున్నాను. వాళ్ళకీ అది తెలుసు. ఇంక అడగకండి.

కొవ్వూరు_కుర్రాడు:
ఒక దొంగ యజమానిని చూపించి పుల్‌మన్‌ని తిడితే ఎలా మేడం? ఆ పోర్టర్లే కదా పిల్లల్ని కాలేజీలకి పంపింది? మాంట్‌గొమరీలో 1955లో, సీట్ల దగ్గర రంగుభేదం మీద, బస్సుల బహిష్కరణ నడిపినవాళ్ళలో ఒకడైన ఈ.డి. నిక్సన్ పుల్‌మన్ పోర్టరే. నల్లవాళ్ళ పత్రిక "చికాగో డిఫెండర్"ని దక్షిణాది ఊళ్ళకి గుట్టుగా చేర్చింది పోర్టర్లే. ఊడిగం చేసేవాడికి ఇవన్నీ సాధ్యమా?

రాత్రిబండి:
అవి కంపెనీ ఇచ్చినవి కాదు కదా కుర్రాడూ, కంపెనీతో కొట్లాడి తెచ్చుకున్నవి. 1925 ఆగస్టు 25న న్యూయార్క్ హార్లెంలో యూనియన్ పెట్టారు. నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్, అసలు పోర్టరే కాదు. కంపెనీ ఉద్యోగంలోంచి తీసేయలేని మనిషి కావాలని ఆయన్ని పట్టుకున్నారు. కంపెనీ ఊరుకుందా? బోగీల్లో గూఢచారులని పెట్టింది, యూనియన్ వాళ్ళని పీకేసింది, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్ళని తెచ్చి కొన్ని బోగీల్లో పెట్టింది. పన్నెండేళ్ళ తర్వాత, 1937లో, సరిగ్గా అదే ఆగస్టు 25న ఒప్పందం కుదిరింది. నెలకి 400 గంటలు 240 అయ్యాయి, జీతం పెరిగింది.

పేరు సంగతి కూడా చెప్పాలి. నేను హైదరాబాదులో కాల్ సెంటర్లో రెండేళ్ళు "స్టీవ్"ని. జీతం బాగానే ఉండేది, కాదనను. ఒక రోజు పొద్దున ఇంటికొచ్చాక అమ్మ ఫోనెత్తి "హలో, స్టీవ్ హియర్" అన్నాను. అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అందుకే ఆ "జార్జ్" దగ్గర నేను ఆగిపోయాను.

పప్పుచారు:
"పోర్టర్లని జార్జ్ అనకండి" అని 1914లో ఒక సంఘం కూడా వెలిసింది. పెట్టింది పోర్టర్లు కాదు, జార్జ్ అనే పేరున్న తెల్లదొరలు! వాళ్ళ పేరు పాడైపోతోందట. అదీ సంగతి.

డాలస్_బాబాయ్:
😂😂

కృష్ణాతీరం:
ఇంకోటి ఎవరూ అనడం లేదు. 1894లో పుల్‌మన్ ఫ్యాక్టరీ కార్మికుల పెద్ద సమ్మె జరిగింది కదా, దేశంలో చాలా చోట్ల రైళ్ళు ఆగిపోయాయి. దాన్ని నడిపిన యూజీన్ డెబ్స్ యూనియన్ నల్లవాళ్ళని సభ్యులుగా చేర్చుకోలేదు. పోర్టర్లు బయటే మిగిలారు. యజమానులని అనేముందు తోటి కార్మికులనీ అనాలి.

కొవ్వూరు_కుర్రాడు:
హమ్మయ్య, ఒక్కరు నిజం మాట్లాడారు.

కృష్ణాతీరం:
మీ పక్షాన మాట్లాడలేదండీ నేను.

కొవ్వూరు_కుర్రాడు:
ఇక్కడ పక్షాలెందుకు? మా నాన్న ముప్ఫయ్యేళ్ళు టిఫిన్ హోటల్ నడిపాడు. తెల్లారుజామున మూడింటికి లేచి పొయ్యి వెలిగించేవాడు. పనివాళ్ళు హోటల్లోనే తిని, హోటల్లోనే పడుకునేవారు. పండక్కి బట్టలు, జ్వరమొస్తే మందులు, ఆడపిల్ల పెళ్ళికి డబ్బు. ఇవేవీ జీతం పద్దులో కనపడవు. మీలాంటివాళ్ళు వచ్చి గంటకి ఎన్ని సెంట్లు అని భాగిస్తారు. ఇరవై రెండేళ్ళు మా ఇంట్లో మనిషిలా ఉన్న సర్వర్, మానేసిన నెలకే లేబర్ ఆఫీసుకి వెళ్ళి గ్రాట్యుటీ అని కాగితం పెట్టాడు. నాన్న వారం రోజులు సరిగా అన్నం తినలేదు. మీకేం తెలుసు?

సీతాఫలం:
అదీ. ఇప్పుడు బయటికొచ్చింది. ఇంతసేపూ మీరు వాదించింది పుల్‌మన్ గురించి కాదు.

కొవ్వూరు_కుర్రాడు:
మీరు మాత్రం పుల్‌మన్ గురించి వాదించారా? గల్లాపెట్టె గురించి.

సీతాఫలం:
అవును, గల్లాపెట్టె గురించే. మీ నాన్నగారు దాని వెనక కూర్చున్నారు, నేను ముందు నిలబడ్డాను.

మాడరేటర్:
ఇళ్ళలోని పెద్దల దాకా వెళ్ళకండి. ఇంకో పోస్టు ఇలా వస్తే తాళం వేస్తాను.

బెంచీ_నంబర్_4:
రెండేళ్ళుగా చదవడమే తప్ప ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. మా నాన్న హోటల్ సర్వర్. ఏ ఊరో వద్దు. పండక్కి యజమాని కొన్న చొక్కా వేసుకుని నేను బడికి వెళ్ళాను, అది అబద్ధం కాదు, చొక్కా మంచిదే. కానీ ఆ చొక్కా ఏ రంగు కావాలని నన్ను ఎవరూ అడగలేదు. నాన్న జీతం పెంచమని అడగబోయిన ప్రతిసారీ ఆ చొక్కా గుర్తొచ్చి ఆగిపోయేవాడట. పోయే ముందు చెప్పాడు నాకు.

కుర్రాడు గారూ, ఒక్క మాట అడుగుతాను. మీ సర్వర్ పేరేమిటి? పేరు చెప్పగలరా?

కొవ్వూరు_కుర్రాడు:
మీరు దేనికి అడిగారో అర్థమైంది. మేమూ "జార్జ్" అని పిలిచుంటాం అనుకున్నారు. తప్పు. ఆయన పేరు, ఇంటిపేరు, ఊరు, ఇద్దరు పిల్లల పేర్లు అన్నీ తెలుసు. పబ్లిక్‌లో రాయను. నేను ఆయన భుజాల మీద పెరిగాను. "బాబాయ్" అని పిలిచాను, ఇప్పటికీ పిలుస్తాను.

బెంచీ_నంబర్_4:
క్షమించండి. నేను తొందరపడ్డాను.

లెక్కల_మాస్టారు:
మీ హోటల్లో పదిమంది పైనే పనిచేసేవారా?

కొవ్వూరు_కుర్రాడు:
పన్నెండు, పదమూడు. ఎందుకు?

లెక్కల_మాస్టారు:
అయితే అప్పటి 1972 గ్రాట్యుటీ చట్టం వర్తించేది. అయిదేళ్ళు దాటితే చాలు. చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో, పనిచేసిన ఏళ్ళతో హెచ్చవేయాలి. చివరి జీతమెంత?

కొవ్వూరు_కుర్రాడు:
పన్నెండు వేలు.

లెక్కల_మాస్టారు:
రూ.1,52,308. ఇచ్చారా?

కొవ్వూరు_కుర్రాడు:
ఇచ్చాం. మూడు వాయిదాల్లో, ఆఫీసు చెప్పినంతా. డబ్బు గురించి కాదండీ మా బాధ. కాగితం పెట్టకుండా ఇంటికొచ్చి అడిగుంటే, అసలు అడగకపోయినా, నాన్నే ఇచ్చేవాడు. మనసులో అనుకునే ఉన్నాడు.

సీతాఫలం:
ఎంత అనుకున్నారు?

(నాలుగు గంటలు ఎవరూ రాయలేదు.)

కొవ్వూరు_కుర్రాడు:
డెబ్బై అయిదు వేలు.

పప్పుచారు:
…

గుంటూరు_ఘాటు:
మొత్తం చదవలేదు. వచ్చే నెల చికాగో వస్తున్నాం, పుల్‌మన్ పేటలో కారు పార్కింగ్ దొరుకుతుందా?

రాత్రిబండి:
మాకు వీధిలోనే దొరికింది. పిల్లలు ఉంటే గడియారం బురుజు దగ్గర మొదలుపెట్టండి.