బయటి ప్రోగ్రామ్‌ను కోడ్‌లోంచి నడిపేటప్పుడు సీహెచ్‌డైర్ (మనమున్న ఫోల్డర్ మార్చడం) చేయాలా, సీడబ్ల్యూడీ (ఆ ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్లో నడవాలో చెప్పే ఆప్షన్) ఇవ్వాలా?

ఉప్పల్_పైథాన్:
ఇన్వాయిస్‌ను పీడీఎఫ్ చేసే పాత టూల్‌ను పైథాన్ సర్వీస్‌లోంచి సబ్‌ప్రాసెస్‌తో పిలుస్తున్నాం. టెర్మినల్‌లో నడుస్తుంది. సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను నడిపేది) కింద పెడితే "టెంప్లేట్ ఫైల్ లేదు" అంటుంది. పిలిచే ముందు ఓఎస్.సీహెచ్‌డైర్ చేసి, పనయ్యాక వెనక్కి మార్చేస్తే చాలా?

మాదాపూర్_బ్యాకెండ్:
వద్దండి, ప్రమాదం. వర్కింగ్ డైరెక్టరీ, అంటే ప్రోగ్రామ్ ప్రస్తుతం ఉన్న ఫోల్డర్, ప్రాసెస్ మొత్తానికి ఒక్కటే, థ్రెడ్‌కొకటి (లోపల పక్కపక్కనే నడిచే ఒక్కో పనికి) ఉండదు. మీరు మార్చిన క్షణంలోనే ఇంకో థ్రెడ్ రిలేటివ్ పాత్‌తో (ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కపెట్టే పాత్‌తో) లాగ్ ఫైల్ తెరిస్తే అది టూల్ ఫోల్డర్లో పడుతుంది. సబ్‌ప్రాసెస్.రన్‌కి సీడబ్ల్యూడీ ఇవ్వండి. లైనక్స్‌లో ఫోర్క్ అయ్యాక (కొత్త ప్రాసెస్ పుట్టాక), ఎగ్జెక్‌కి (అందులో టూల్ మొదలవడానికి) ముందు, చైల్డ్ ప్రాసెస్ ఒక్కటే డైరెక్టరీ మారుతుంది. పైథాన్ 3.11లో వచ్చిన కాంటెక్స్ట్‌లిబ్.సీహెచ్‌డైర్‌కీ థ్రెడ్లతో ఇదే చిక్కు.

మలక్‌పేట_డెవాప్స్:
అన్నా, పీడబ్ల్యూడీఎక్స్ కొట్టి పీఐడీ (ప్రాసెస్ నంబర్) ఇయ్యి, ఆ ప్రాసెస్ ఏ ఫోల్డర్ల ఉందో చెప్తది. సిస్టమ్‌డీ సర్వీస్ల ఏం రాయకుంటే "/" (అన్నిటికన్నా పై ఫోల్డర్) లనే మొదలైతది.

అమీర్‌పేట_సిస్టమ్స్:
సీడబ్ల్యూడీ ఇస్తే అయిపోతుందనడం సగం మాటే. ప్రోగ్రామ్ పేరు "./ఇన్వాయిస్" అని రాశారనుకోండి. లైనక్స్‌లో కొత్త ఫోల్డర్లో వెతుకుతుంది, విండోస్‌లో పిలిచినవాడి ఫోల్డర్లో వెతుకుతుంది. ఒకే కోడ్, రెండు ఫలితాలు. అన్నీ అబ్సల్యూట్ పాత్‌లే (మొదటి నుంచి రాసిన పూర్తి పాత్‌లే) ఇవ్వాలి.

కూకట్‌పల్లి_నోడ్:
నోడ్‌లో (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపేది) బయటి ప్రోగ్రామ్‌ను నడిపే స్పాన్‌కి ఇచ్చిన సీడబ్ల్యూడీ ఫోల్డర్ లేకపోయినా ఈనోఎంట్ ("అలాంటి ఫైల్ లేదు") ఎర్రరే వస్తుంది, అదీ ప్రోగ్రామ్ పేరు మీద. ముందు ఫోల్డర్ ఉందో లేదో చూడండి.

మాదాపూర్_బ్యాకెండ్:
@అమీర్‌పేట గారూ, ఆయన అడిగింది సిస్టమ్‌డీ గురించి. మధ్యలో విండోస్ ఎందుకు?

అమీర్‌పేట_సిస్టమ్స్:
రేపు ఇదే కోడ్ విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెడతారు కాబట్టి. "స్టార్ట్ ఇన్" ఖాళీగా వదిలితే సిస్టమ్32లో మొదలవుతుంది. అందులో పాత్‌ను కోట్స్‌లో పెడితే టాస్కే లేవదు. ఇంకోటి, యూజర్ ఇచ్చిన రిలేటివ్ పాత్‌ను ముందే ఓఎస్.పాత్.ఆబ్స్‌పాత్‌తో మార్చకుండా సీడబ్ల్యూడీ ఇస్తే టూల్ దాన్ని తప్పు చోట వెతుకుతుంది. ఈ మాట మీరు చెప్పనే లేదు.

మాదాపూర్_బ్యాకెండ్:
ఒప్పుకుంటా, అది చెప్పాల్సిందే. కానీ ఎన్ని అబ్సల్యూట్ పాత్‌లు ఇచ్చినా ఆ టూల్ టెంప్లేట్‌ను తన కరెంట్ డైరెక్టరీలోనే వెతుకుతుంటే ఏం లాభం? మీ సలహాతో ఆయన పని ఒక్క అడుగు కూడా కదలదు.

అమీర్‌పేట_సిస్టమ్స్:
అయితే తప్పు టూల్‌దే! తన ఎగ్జిక్యూటబుల్ ఉన్నచోటు తెలుసుకుని, పక్కనున్న టెంప్లేట్ తెరవాలి. రాసినవాళ్లు చేయని పనికి పిలిచే ప్రతివాడూ సీడబ్ల్యూడీ గుర్తుపెట్టుకోవాలా? ఒక్కడు మరిచిపోతే అర్ధరాత్రి ఫోన్ వచ్చేది సర్వర్లు చూసే మాకు.

మాదాపూర్_బ్యాకెండ్:
ఇదీ అసలు సంగతి. మీరు టూల్ రాసేవాళ్లతో మాట్లాడుతున్నారు, నేను సోర్స్ చేతిలో లేనివాళ్లతో. మేక్, గిట్ లాంటివి కూడా ఉన్న ఫోల్డర్‌ను బట్టే పనిచేస్తాయి. వాటికి ఏ ఫోల్డరో చెప్పే "-సీ" ఆప్షన్ ఉంది, ఈ టూల్‌కి లేదు. వర్కింగ్ డైరెక్టరీ కూడా ఆర్గ్యుమెంట్ లాంటి ఇన్‌పుటే. పిలిచేవాడే ఇవ్వాలి.

అమీర్‌పేట_సిస్టమ్స్:
ఇన్‌పుట్ అయితే కనబడేలా ఉండాలి. ఇది కమాండ్ లైన్లో కనబడదు, లాగ్‌లో ఉండదు.

మలక్‌పేట_డెవాప్స్:
అయితే పిలిచే ముందు కమాండ్‌తోపాటు సీడబ్ల్యూడీ గూడ లాగ్ చెయ్యున్రి. ఇద్దరి బాధ తీరుతది.

ఉప్పల్_పైథాన్:
సోర్స్ లేదండి. ప్రోగ్రామ్‌కి, ఇన్‌పుట్‌కి అబ్సల్యూట్ పాత్, సీడబ్ల్యూడీగా టూల్ ఫోల్డర్ ఇచ్చాను, నడిచింది. కానీ రెండు జాబ్‌లు ఒకేసారి వస్తే ఒకదాని పీడీఎఫ్‌లో ఇంకోదాని లెక్కలు వస్తున్నాయి.

మాదాపూర్_బ్యాకెండ్:
టూల్ మధ్యలో రాసుకునే తాత్కాలిక ఫైల్ పేరు ఎప్పుడూ ఒకటే అయ్యుంటుంది, రెండు జాబ్‌లూ ఒకే ఫోల్డర్లో దాన్నే తిరగరాస్తున్నాయి. జాబ్‌కొక ఫోల్డర్ టెంప్‌ఫైల్.ఎంకేడీటెంప్‌తో చేయండి, టెంప్లేట్‌కు అందులో సిమ్‌లింక్ (అసలు ఫైల్‌ను చూపే షార్ట్‌కట్ లాంటిది) పెట్టి, ఆ ఫోల్డర్‌నే సీడబ్ల్యూడీగా ఇవ్వండి. పీడీఎఫ్ బయటికి తీశాక ఫోల్డర్ చెరిపేయండి.

అమీర్‌పేట_సిస్టమ్స్:
ఇది సరైన పద్ధతి. చెరిపే లైన్ ఫైనల్లీ బ్లాక్‌లో (ఎర్రర్ వచ్చినా నడిచే భాగంలో) పెట్టండి, లేకపోతే టూల్ ఫెయిలైన ప్రతిసారీ ఒక ఫోల్డర్ మిగిలిపోతుంది.