నెట్ అందని బడిలో కోలిబ్రి: పది ట్యాబ్‌లు దాటితే ఆగిపోతోంది

ప్రశ్న (మందస):
మా హైస్కూల్లో సిగ్నల్ అందదు. 24 ట్యాబ్‌లున్నాయి. రాస్ప్‌బెర్రీ పై 4 ('పై' అనే చిన్న కంప్యూటర్)లో కోలిబ్రి (నెట్ లేకుండా పాఠాలు చూపే సాఫ్ట్‌వేర్) వేసి, దాని హాట్‌స్పాట్‌తోనే లెక్కలు చేయిస్తున్నాం. సుమారు పది కలవగానే మిగతావి 'కనెక్టింగ్' దగ్గరే ఉండిపోతున్నాయి. కరెంటు పోయొస్తే ఒక్కోసారి 'పై' బూట్ (స్టార్ట్) కూడా అవ్వట్లేదు.

జవాబు (బొబ్బిలి):
కోలిబ్రి తప్పు కాదు మాస్టారూ. 'పై'లోని చిన్న వైఫై చిప్ అన్ని ట్యాబ్‌లను మొయ్యలేదు. హాట్‌స్పాట్ ఆపేసి, పాత రూటర్ ఉంటే దాని లాన్ పోర్టుకి (లోపలి పరికరాలు కలిపేది) 'పై'ని కేబుల్‌తో కలపండి. వాన్ పోర్టులో (బయటి నెట్ లైను కోసం ఉన్నది) గుచ్చితే 'పై'కి ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) రాదు, చాలామంది అక్కడే చిక్కుకుంటారు. రూటర్‌లో 'పై'కి ఎప్పుడూ మారని ఒక ఐపీ రిజర్వ్ చెయ్యండి. ఉదాహరణకి 192.168.1.50 ఇస్తే, ట్యాబ్ బ్రౌజర్‌లో 192.168.1.50:8080 కొట్టాలి. 'ఇంటర్నెట్ లేదు, కలిసే ఉండాలా?' అని అడిగితే అవుననండి. సిమ్ ఉన్న ట్యాబ్‌లో మొబైల్ డేటా ఆపండి.

జవాబు (పలాస):
బూట్ సంగతి. 'పై'లోని మెమరీ కార్డు మీద డేటా రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు పాడవుతాయి. కార్డు బదులు యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ (డేటా దాచే డ్రైవ్)కి మారండి, చిన్న యూపీఎస్ పెట్టండి, స్విచ్ తీసేముందు షట్‌డౌన్ చెయ్యండి. అడాప్టర్ 5.1 వోల్టులు, 3 ఆంపియర్లది కావాలి. ఫోన్ చార్జర్ పెడితే స్క్రీన్ మూల మెరుపు గుర్తు వస్తుంది, అంటే వోల్టేజి చాలట్లేదని.

జవాబు (రాజాం):
పాఠాలు నెట్ ఉన్నచోట పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, బడిలో దాన్నుంచే దింపుకోవచ్చు. తెలుగు పీడీఎఫ్‌లు, వీడియోలు, మీ సొంత ప్రశ్నలు కోలిబ్రి స్టూడియో (పాఠాలు కూర్చే వెబ్‌సైట్)లో చేర్చండి. ముఖ్యంగా పిల్లలందరికీ ఒకే ఖాతా వద్దు, ఎవరిది వాళ్లకుండాలి. అప్పుడే కోచ్ (టీచర్ చూసే) పేజీలో ఏ ప్రశ్న దగ్గర ఎవరు ఆగారో కనిపిస్తుంది. భిన్నాల దగ్గర ఆగిన నలుగురికీ మర్నాడు నల్లబల్ల మీద చెప్పొచ్చు, మిగతావాళ్లు ముందుకెళ్తారు.