ఎన్సయ్‌మాదలో ఉన్నది దకారమా, డకారమా?

ప్రశ్న (తెనాలి నుంచి): ఫిలిప్పీన్స్‌లోని దవావోలో వైద్యం చదువుతున్న మా అమ్మాయి, అక్కడి తీపి రొట్టె ఎన్సయ్‌మాదను ఇంట్లో చేసే పద్ధతిని ఫోనులో చెప్పింది. "పల్చగా సాచిన పిండికి వెన్న పూసి, పొడవుగా చుట్టి, ఆ చుట్టను నత్తగుల్లలా తిప్పి పొంగనివ్వాలి" అన్నంతవరకు వాక్యం గుర్తుంది. ఆ తరువాత "రెండోసారి వెన్న" అన్న మాట వచ్చింది గాని, అది కాల్చక ముందో తరువాతో జ్ఞాపకం రావడం లేదు. పేరును "మాద" అని రాసుకోవాలో "మడా" అని రాసుకోవాలో కూడా దయచేసి చెప్పండి.

జవాబు (గుంటూరు నుంచి): రెండోసారి వెన్న కాల్చిన తరువాతే పూయాలండి. సుమారు 180 డిగ్రీల వేడిలో 15 నుంచి 20 నిమిషాలు కాల్చి, కొంచెం చల్లారాక వెన్న పూసి, పంచదార, తురిమిన చీజు చల్లుతారు. పేరులో మాత్రం దకారమే ఉండాలి. ఈ పేరు ఫిలిప్పీన్స్‌కు స్పానిష్ నుంచి వచ్చింది, స్పానిష్ వారు ఆ హల్లును పలికేటప్పుడు నాలుక పళ్లకు తగులుతుంది. పోర్చుగీసు నుంచి మనకు వచ్చిన పాదిరి, మేస్త్రి, తువ్వాలు, బొత్తాము అన్నీ దంత్యాలతోనే స్థిరపడ్డాయి. డకారం ఇంగ్లీషు స్పెల్లింగును చదివి రాసినది.

జవాబు (హైదరాబాదు నుంచి): బొత్తాము ఉన్న భాషలోనే బటన్ కూడా ఉంది కదండీ. పరాయి మాట మన నోట ఎలా నలిగితే అదే మన రూపం. శ్రీనాథుని పేర వినిపించే చాటువులో "కుల్లాయుంచితి" (టోపీ పెట్టుకున్నాను) అన్నాడు గాని, పారశీకపు "కులాహ్" ఉచ్చారణను కాపాడే ప్రయత్నం చేయలేదు. కన్నడ రాజ్యలక్ష్మి ముందు నిలబడి, వెల్లుల్లిని, తిలపిష్టాన్ని (నువ్వుల పిండిని) మెసవవలసి వచ్చిందని చెప్పుకున్న ఆ పద్యంలో పరాయి తిండి, పరాయి మాట రెండూ ఉన్నాయి. ఇంత సొగసుగా మరెవరు చెప్పగలరు!

జవాబు (గుంటూరు నుంచి): ఆ పద్యం శార్దూలం. కుల్లా, వెల్లుల్లి, చల్లా, తల్లీ అంటూ లకార ద్విత్వానికి ప్రాస కుదిరింది. ఛందస్సు కోరిన ద్విత్వాన్ని ఉచ్చారణకు సాక్ష్యంగా తీసుకోవడం న్యాయం కాదు.

జవాబు (హైదరాబాదు నుంచి): ప్రాస కోసం మాటను సాగదీయవలసిన అవసరం శ్రీనాథునికి లేదు. జనం నోట కుల్లాయి అని ఉన్నందువల్లే ఆ ప్రాసను ఎన్నుకున్నాడని నా నమ్మకం.

జవాబు (రాజమండ్రి నుంచి): మీరిద్దరూ చివరి అక్షరం దగ్గరే ఆగిపోయారు, అసలు అర్థం నడుమ ఉంది. ఇది స్పెయిన్‌లోని మయోర్కా ద్వీపపు మాట. అక్కడ "సయీమ్" అంటే పంది కొవ్వు. ఫిలిప్పీన్స్‌లో ఆ కొవ్వు స్థానాన్ని చాలావరకు వెన్న ఆక్రమించింది, పిండిలో గుడ్ల పచ్చసొన చేరింది. అక్కడి మలోలోస్ పట్టణంలో పైన ఉప్పులో ఊరిన బాతుగుడ్డు ముక్కలు పెడతారు. అందుకని "సయ్" అన్న భాగం చెడకుండా రాయాలి. "సై" అని రాస్తే ఆ కొవ్వు జాడ కనబడదు.

జవాబు (గుంటూరు నుంచి): ఐకారాన్ని మనం "అయ్" అనే పలుకుతాం కాబట్టి ఆ తేడా కంటికే గాని చెవికి కాదు.

జవాబు (తెనాలి నుంచి): అందరికీ ధన్యవాదాలు. పచ్చసొన, వెన్న, పంచదార ఎక్కువైన పిండి నెమ్మదిగా పొంగుతుందని అమ్మాయి ముందే చెప్పింది కనుక రేపు ఉదయమే కలుపుతాను. అమ్మాయి నోట నాకు వినబడింది దకారమే, అయితే "మా" మీద ఊనిక ఎక్కువ. ఆ ఊనికను దీర్ఘంగా రాయడం సరైనదేనా?

జవాబు (హైదరాబాదు నుంచి): ఊనిక వేరు, దీర్ఘం వేరు అండి. నేను "ఎన్సైమడా" అనే రాస్తాను.